ఇంటికన్నా ముందు ఇరుగుపొరుగు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెండూ మనిషి జీవితంలో పదే పదే చేసే పనులు కావు. పెళ్లి విషయంలో మనం తీసుకునే జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. అబ్బాయి ఎలాంటివాడు, అత్తమామల స్వభావమేమిటి, ఆ ఇంట్లో మన అమ్మాయి సుఖపడుతుందా అని పదిమందిని విచారిస్తాం. ఇంటి విషయానికి వచ్చేసరికి మాత్రం మన ప్రశ్నలన్నీ మారిపోతాయి. గజం ఎంత? ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు? రెండేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుంది? ఈ ఇంట్లో మన పిల్లలు ఎలా పెరుగుతారు, మన తల్లిదండ్రులు ఎవరితో మాట్లాడుకుంటారు, మన ఇల్లాలు ఒంటరిగా బయటికి వెళ్లి పని చూసుకుని రాగలదా అన్న ప్రశ్నలు అడిగేవారు ఎందరు? ఇంటికన్నా ముందు పొరుగును చూసుకోమని అరబ్బులలో ఒక సామెత ఉంది. ఈ వారం ఆ సామెతను ఆధారం చేసుకుని కొన్ని విషయాలు పాఠకులతో పంచుకోదలిచాము.

ఈ ప్రశ్న ఒకప్పుడు హైదరాబాదు వంటి మహానగరాలకే పరిమితం. ఇప్పుడు గోపాల్‌పేట వంటి మండల కేంద్రాల దాకా వచ్చింది. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడ్డాయి. గోపాల్‌పేట వనపర్తి జిల్లాలోకి వచ్చింది. 2022 నవంబర్‌లో వనపర్తిలోనూ నాగర్‌కర్నూల్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. జిల్లా కార్యాలయాలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, వారి వెనకే వెంచర్లు వచ్చాయి. నిన్నటిదాకా జొన్న, వేరుశనగ పండిన చేలలో నేడు తెల్ల రాళ్లు, రంగు జెండాలు, సిమెంటు కమాను కనిపిస్తున్నాయి. పొట్ట చేత పట్టుకుని హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో పోయిన మన పాలమూరు బిడ్డ పైసా పైసా కూడబెట్టి పంపిన డబ్బు చాలావరకు ఈ రాళ్ల మధ్యనే పాతుకుపోతోంది.

స్థలం కొనడం తప్పని మేము అనడం లేదు. సొంత గూడు కోరుకోవడం ధర్మబద్ధమైన కోరికే. అయితే ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరాన, చుట్టూ ఖాళీ ప్లాట్ల నడుమ పెద్ద ఇల్లు కట్టుకోవడమా, లేక ఊళ్లో మస్జిదుకు, బడికి, బజారుకు నడిచి వెళ్లగల గల్లీలో చిన్న ఇల్లు చూసుకోవడమా అన్నది ఇవాళ ఎన్నో కుటుంబాల్లో భార్యాభర్తల మధ్య, తండ్రీకొడుకుల మధ్య నలుగుతున్న చర్చ. చిన్న పిల్లలున్న కుటుంబానికి, వృద్ధులైన తల్లిదండ్రులున్న కుటుంబానికి రెండవదే మేలన్నది మా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాము.

లెక్కలోకి రాని ఖర్చు

ముందు డబ్బు సంగతే చూద్దాం. ఊరి బయట గజం చవక, ఊళ్లో ప్రియం అన్నది నిజం. కాని ధర అంటే రిజిస్ట్రేషన్ నాడు చెల్లించేది మాత్రమే కాదు. ఆ తర్వాత రోజూ చెల్లించే ధర ఒకటుంది. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటి నుంచి ఒక మోటారు సైకిలు రోజుకు రెండుసార్లు ఊళ్లోకి వచ్చిపోయిందనుకుందాం. పిల్లలను బడిలో దింపడానికి ఒకసారి, దుకాణానికో ఉద్యోగానికో మరొకసారి. మొత్తం ఇరవై నాలుగు కిలోమీటర్లు. లీటరుకు నలభై ఐదు కిలోమీటర్లు ఇచ్చే బండికి అరలీటరుకు పైగా పెట్రోలు పడుతుంది. 2021 జూన్‌లో హైదరాబాదులో వంద రూపాయలు దాటిన లీటరు పెట్రోలు మళ్లీ వంద లోపలికి దిగలేదు. 107 రూపాయల లెక్కన వేసుకున్నా నెలకు దాదాపు 1,700 రూపాయలు అవుతుంది. ఇది ఒక్క బండి సంగతి. పెద్దబ్బాయి కాలేజీకి రెండో బండి కావాలంటాడు. అమ్మాయికి ఆటో మాట్లాడాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే రాత్రిపూట ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి.

పెట్రోలు ఖర్చు అంతటితో ఆగుతుంది. బండి కొన్న వాయిదాలు ఆగవు. చేతిలో ఉన్న రొక్కమంతా స్థలానికి పోసి, బండికి వడ్డీ అప్పు తీసుకునే కుటుంబాలు మన చుట్టూ ఎన్ని లేవు! వడ్డీ విషయంలో దివ్య ఖుర్ఆన్ ఎంత గట్టిగా హెచ్చరించిందో తెలిసి కూడా, దూరం మనల్ని ఆ గుమ్మంలోకే నెడుతోంది. నడిచి వెళ్లగల ఇంట్లో ఉన్నవాడికి బండి ఒక సౌకర్యం. నడవలేనంత దూరాన ఉన్నవాడికి అది తప్పని అవసరం. అవసరమైన వస్తువు కోసం మనిషి అప్పు చేస్తాడు. సౌకర్యం కోసమైతే డబ్బు చేతికొచ్చేదాకా ఆగగలడు.

ఇక స్థలం చట్టబద్ధత ఒకటి. తెలంగాణ ప్రభుత్వం 2020లో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు అవకాశమిస్తే లక్షల సంఖ్యలో దరఖాస్తులు వచ్చి పడ్డాయి. అంటే అంతమంది తాము కొన్నది అనుమతి లేని స్థలమని తామే చెప్పుకున్నారన్నమాట. బ్రోచరులో పార్కు ఉంటుంది, మస్జిదుకు స్థలం ఉంటుంది, బడి ఉంటుంది. పదేళ్ల తర్వాత చూస్తే తుమ్మచెట్లుంటాయి.

హైదరాబాదు శివార్లలో 2020 అక్టోబర్‌లో జరిగింది మనం మరువరాదు. షాహీన్‌నగర్ పక్కనున్న ఉస్మాన్‌నగర్‌లో చెరువు నీళ్లు ఇళ్లలోకి వచ్చి వారాల తరబడి పోలేదు. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ వీధులు ఏరులయ్యాయి. అక్కడ ఉన్నవారెవరూ విలాసం కోసం వెళ్లినవారు కారు. పాతబస్తీలో అద్దె కట్టలేక, చవకగా దొరికిందని, సొంతమవుతుందని కష్టార్జితం పెట్టినవారు. వారిని నిందించే హక్కు ఎవరికీ లేదు. కాని చెరువుకు ఎంత దూరం అని అడగకుండా గజం ఎంత అని మాత్రమే అడిగితే ఎంతటి నష్టం కలుగుతుందో వారి కన్నీళ్లు మనకు చెబుతున్నాయి.

పిల్లవాడి కాళ్లు

పిల్లల సంగతి డబ్బు కంటే పెద్దది. పదేళ్ల పిల్లవాడి చేతిలో ఇరవై రూపాయలు పెట్టి, మూలమీది దుకాణం నుంచి పెరుగు తెమ్మని పంపే తల్లిని గమనించండి. ఆమె పెరుగు తెప్పించుకోవడమే కాదు, పిల్లవాడికి పాఠం కూడా చెబుతోంది. చిల్లర లెక్కపెట్టుకోవడం, పెద్దవాళ్లు ఎదురైతే సలాం చేయడం, బండి వస్తే పక్కకు జరగడం, దుకాణదారు తప్పుగా ఎక్కువిస్తే తిరిగి ఇచ్చేయడం - ఇవన్నీ ఏ పుస్తకంలోనూ నేర్పరు. గల్లీ నేర్పుతుంది. ఆ గల్లీలో నలుగురు కళ్లు పెట్టి చూస్తుంటారు. దర్జీ మామూ చూస్తాడు, కిరాణా సేఠ్ చూస్తాడు, అరుగు మీద కూర్చున్న నానీ చూస్తుంది. పిల్లవాడు పెడదారి పడితే సాయంత్రానికి కబురు ఇంటికి చేరుతుంది. ఆ పిల్లవాడు ఎవరి కొడుకో గల్లీకి తెలుసు. ఆ సంగతి పిల్లవాడికీ తెలుసు.

ఊరి బయటి ఇంట్లో ఇదే పిల్లవాడు ఏం చేస్తాడు? గేటు లోపల ఉంటాడు. బడికి ఎవరైనా దింపాలి, ఖుర్ఆన్ పాఠానికి ఎవరైనా తీసుకుపోవాలి, స్నేహితుడి ఇంటికి పోవాలంటే తండ్రికి తీరిక దొరకాలి. తీరిక దొరకదు కనుక పిల్లవాడి చేతికి ఫోను దొరుకుతుంది. ఐదు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు రోజుకు కనీసం అరవై నిమిషాలు ఒళ్లు కదిలే పనిలోనో ఆటలోనో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడికి పావుగంట, మక్తబ్‌కు పది నిమిషాలు నడిచి వచ్చే పిల్లవాడికి అందులో చాలా భాగం తెలియకుండానే పూర్తవుతుంది.

మన చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లవాడి హక్కును పొరుగు బడితో ముడిపెట్టింది. నియమాల ప్రకారం ఐదవ తరగతి వరకు ఒక కిలోమీటరు లోపల, ఎనిమిదవ తరగతి వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. ఆ దూరం పసివాడు నడవగలిగే దూరం. ప్రభుత్వం బడిని పిల్లవాడి ఇంటి దగ్గరకు తేవాలని చట్టం అంటుంటే, మనమే ఇంటిని బడికి దూరంగా తీసుకుపోతున్నాం.

ఇల్లాలి స్వేచ్ఛ, ఆడపిల్ల చదువు

ఊరి బయట ఇల్లు కొనే నిర్ణయం చాలా ఇళ్లలో మగవాళ్లు చేస్తారు. ఆ ఇంట్లో పగలంతా ఉండేది మాత్రం స్త్రీలు. బండి నడిపే మగవాడికి ఆరు కిలోమీటర్లు పావుగంట. బండి నడపడం రాని స్త్రీకి, లేదా ఇంట్లో ఉన్న ఒక్క బండినీ భర్త తీసుకుపోయిన స్త్రీకి, అది సముద్రమంత దూరం. కూరగాయలకు అతని కోసం చూడాలి, మందులకు అతని కోసం చూడాలి, తల్లిని పలకరించాలన్నా అతని కోసమే చూడాలి. అంత పెద్ద ఇంట్లో ఆమెకు దక్కినది నాలుగు గోడలు, ఒక గేటు.

అదే గల్లీలో అయితే ఆమె బురఖా వేసుకుని గడప దాటితే చాలు. అందరూ ఎరిగినవాళ్లే. కూరలు తెచ్చుకుంటుంది, పిల్లను ఆసుపత్రికి తీసుకుపోతుంది, సాయంత్రం ఇజ్తెమాకు వెళ్లి నాలుగు మంచి మాటలు విని వస్తుంది. కుట్టుమిషన్ పెట్టుకుని నాలుగు రాళ్లు సంపాదించుకునే సోదరికి గిరాకీ కాలినడకన వస్తుంది. ఊరి బయట ఖాళీ ప్లాట్ల మధ్య కుట్టుమిషన్ పెడితే జాకెట్టు ఇవ్వడానికి ఎవరు వస్తారు? భర్త చనిపోయిన స్త్రీకి, భర్త గల్ఫ్‌లో ఉన్న స్త్రీకి ఈ తేడా బతుకుతెరువుకు సంబంధించినది.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. గోపాల్‌పేట నుంచి వనపర్తికి కాలేజీకి పోయే ఆడపిల్లకు అది గొప్ప ఊరట. కాని బస్సు ఉచితమైతే చాలదు, బస్సు ఆగే చోటికి నడవగలగాలి. వెంచరు లోపలికి పల్లెవెలుగు రాదు. దీపాలు లేని కిలోమీటరున్నర రోడ్డు మీద చీకటి పడ్డాక ఆడపిల్ల నడిచి రావాలంటే ఏ తండ్రి గుండె నిలుస్తుంది? "దూరమమ్మా, ఎవరు తెచ్చి దించుతారు, ఇంటర్‌తో చాలు" అన్న మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినబడుతోందో మనకు తెలుసు. ఆ మాట చెప్పే తండ్రి దుర్మార్గుడు కాడు, భయపడుతున్నాడు. ఆ భయాన్ని సగం పుట్టించింది ఆయన ఎంచుకున్న స్థలమే. చదువు ప్రతి ముస్లిముకూ విధి అని వేదికల మీద చెప్పుకునే మనం, ఇల్లు కొనేనాడే మన కూతురి డిగ్రీని బలిపెడుతున్నామేమో ఆలోచించుకోవాలి.

పెద్దల సంగతి

రెక్కలాడినన్నాళ్లు సంపాదించి, ముసలితనంలో కొడుకు ఇంటికి చేరిన తండ్రికి కావలసింది ఏమిటి? ఐదు పూటలా మస్జిదుకు వెళ్లి రావడం, అక్కడ ఈడువాళ్లతో నాలుగు మాటలు, దారిలో ఒక చాయ్. ఆయన నడకా అదే, వైద్యమూ అదే, కాలక్షేపమూ అదే. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి చక్కెర వ్యాధి ఉందని అంచనా వేసింది. నడవమని డాక్టరు చెబుతాడు. అజాన్ రోజుకు ఐదుసార్లు అదే మాట చెబుతోంది. మస్జిదు నడిచే దూరంలో ఉంటే రెండు ఆజ్ఞలూ ఒక్క దారిలో నెరవేరతాయి.

అమెరికాలో కొడుకు ఇంటికి వెళ్లివచ్చిన తెలుగు తల్లిదండ్రులను అడగండి. ఇల్లు బాగుంది, కారు బాగుంది, కోడలు బాగా చూసుకుంది, కాని పగలంతా కిటికీ దగ్గర కూర్చున్నాం అంటారు. వీధిలో మనిషి కనబడడు, ఉప్పు కావాలన్నా కారు కావాలి. ఇది మన పిల్లల తప్పు కాదు. 1947లో న్యూయార్క్ సమీపాన లెవిట్‌టౌన్ పేరుతో వేలాది ఇళ్లు ఒకే మూసలో కట్టడం మొదలైన నాటి నుంచి ఆ దేశం కారును నమ్ముకుని ఊళ్లు కట్టుకుంది. ఆ పద్ధతి వీధిని చంపేస్తుందని జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లోనే పుస్తకం రాసి హెచ్చరించింది. వీధికి కాపలా పోలీసులు మాత్రమే కాదు, వీధిలో ఉండే దుకాణాలు, వాకిళ్లు, మనుషుల కళ్లు అన్నది ఆమె వాదన. మన నానీ అరుగు మీద కూర్చుని చేస్తున్న పని కూడా ఇదే కదా! అదే అమెరికాలో చికాగో నగరపు డెవాన్ వీధికి వెళితే హైదరాబాదీ హోటళ్లు, హలాల్ దుకాణాలు, ఫుట్‌పాత్ మీద నడిచే కుటుంబాలు కనిపిస్తాయి. 2020లో పారిస్ నగర మేయరు ప్రతి పౌరుడికీ కావలసినవన్నీ పావుగంట దూరంలో ఉండాలన్న లక్ష్యాన్ని ఎన్నికల్లో ప్రజల ముందు పెట్టారు. ధనిక దేశాలు వెనక్కి తిరిగి వెతుక్కుంటున్నదాన్ని మనం చేతులారా వదులుకోవడం వివేకమా?

మన పాత ఊళ్లు ఈ సూత్రం మీదే కట్టినవి. 1591లో హైదరాబాదుకు పునాది వేసినప్పుడు చార్మినారు నుంచి నాలుగు దిక్కులకు నాలుగు బజార్లు తీశారు, వాటి వెనక మహల్లాలు వెలిశాయి. గోపాల్‌పేట, వనపర్తి, గద్వాల నిజాం కాలంలో సంస్థాన కేంద్రాలు. అలాంటి పాత ఊళ్లలో బజారు, బడి, ప్రార్థనా స్థలాలు, చేతివృత్తుల వాడలు అన్నీ కాలినడకకు అందేలా అమరి ఉండేవి. అప్పటివారి దగ్గర డబ్బు లేక అలా కట్టుకోలేదు. మనుషులు ఒకరికొకరు కావాలని తెలిసి కట్టుకున్నారు.

బనూ సలిమా ఉదంతం

ఇక్కడ కొందరు పాఠకులకు ఒక హదీసు గుర్తుకు రావచ్చు. మదీనాలో బనూ సలిమా తెగవారి ఇళ్లు దైవప్రవక్త (స) మస్జిదుకు దూరంగా ఉండేవి. మస్జిదు పక్కన స్థలం ఖాళీ అయినప్పుడు వారు అక్కడికి మారిపోదామనుకున్నారు. ఆ సంగతి దైవప్రవక్త (స)కు తెలిసింది. ఉన్న ఇళ్లలోనే ఉండమని, వారు వేసే అడుగులు లిఖించబడుతున్నాయని ఆయన వారికి చెప్పారు. మదీనా అంచులు ఖాళీ కావడం ఆయనకు ఇష్టం లేకపోయిందని మరో ఉల్లేఖనంలో ఉంది. మరి మీరు దగ్గరికి రమ్మంటున్నారే అని ఎవరైనా మమ్మల్ని అడగవచ్చు.

న్యాయమైన ప్రశ్నే. ఈ హదీసును మస్జిదు పక్కనే ఇల్లు కొనాలన్న ఆజ్ఞగా ఎవరూ చూపలేరు, మేమూ చూపము. అయితే ఒక్కటి గమనించాలి. బనూ సలిమా వారు దూరంగా ఉన్నా నడిచి వచ్చేవారు. వారికి పుణ్యం తెచ్చిపెట్టింది ఆ అడుగులే. పైగా వారు విడివిడిగా ఒక్కొక్క ఇల్లు కట్టుకుని లేరు. తెగంతా ఒకచోట, ఇల్లు ఇంటిని ఆనుకుని, ఒకరికొకరు తోడుగా ఉన్నారు. కాబట్టి ఈ ఉదంతం మనకు చెప్పేది నడక విలువ, పొరుగుతో కలిసి ఉండటం విలువ. ఉన్న చోటు నుంచి నడిచి రాగలిగిన వారు అక్కడే హాయిగా ఉండవచ్చు. నడవలేనంత దూరం, పలకరించే పొరుగులేనంత ఒంటరితనం - వీటి గురించే మా బెంగ.

పొరుగువాడి హక్కు గురించి జిబ్రీల్ (అ) ఎంతగా నొక్కి చెప్పారంటే, పొరుగువాడిని ఆస్తికి వారసుడిగా చేస్తారేమో అనిపించిందని దైవప్రవక్త (స) అన్నట్లు హదీసుల్లో ఉంది. పొరుగే లేని చోట ఆ హక్కును ఎలా నెరవేరుస్తాం? ఇంట్లో కూర వండితే ఎవరికి పంపుతాం? అర్ధరాత్రి ఎవరి తలుపు తడతాం? జనాజా లేచిన నాడు భుజం పట్టేదెవరు?

ఎదుటివారి మాటా వినాలి

పాత మహల్లాలను మేము స్వర్గంగా చిత్రించడం లేదు. మోరీలు పొంగుతాయి, దోమలు కుడతాయి, వానాకాలం వస్తే డెంగీ భయం. పిల్లలు ఆడుకోవడానికి జాగా లేదు. పెళ్లి పందిళ్ల మైకులు అర్ధరాత్రి దాకా మోగుతాయి. గాలి, వెలుతురు లేని రెండు గదుల్లో ఎనిమిది మంది ఉండే ఇంటివారు ఊరి బయట గాలి పీల్చుకోవాలనుకుంటే అది తప్పెలా అవుతుంది? ఊళ్లో గజం కొనే శక్తి లేనివారికి ఊళ్లోనే ఉండండి అని చెప్పడం పరిహాసం అవుతుంది. నగరాల్లో ముస్లిం అన్న కారణంగా అద్దెకు ఇల్లు ఇవ్వని ఇంటి యజమానులు ఉన్నారన్నదీ చేదు నిజమే. ఎక్కడ ఉండాలన్నది అందరికీ తమ చేతుల్లో ఉండదు.

మరొక అభ్యంతరం ఇంకా లోతైనది. మస్జిదు చుట్టూ మనవాళ్లమే గుంపుగా ఉంటే మిగతా సమాజానికి దూరం కామా అని కొందరు అడుగుతారు. నడక అంటే మనవాళ్ల మధ్యనే ఉండాలని కాదు. మా ఉద్దేశం దానికి వ్యతిరేకమే. పాలమూరు పల్లెల్లో ముస్లిం ఇంటి గోడ, హిందువు ఇంటి గోడ ఒక్కటే కావడం కొత్త కాదు. ఒకరి ఇంటి మంచం మరొకరి పెళ్లికి, ఒకరి బావి నీళ్లు మరొకరి బిందెకు చేరేవి. పండుగ నాడు షీర్‌ఖుర్మా గిన్నె అటు పోతే, సంక్రాంతి అరిసెలు ఇటు వచ్చేవి. కాలినడకన తిరిగే వీధిలోనే మనుషులు ఒకరినొకరు ఎరుగుతారు. కారు అద్దం ఎత్తుకుని పోయేవాడు తన మతంవాడినైనా ఎరగడు. మస్జిదు అందుబాటులో ఉండాలి, పొరుగు అందరిదీ కావాలి. మన పిల్లలు పెరగవలసిన వీధి అది.

కొనేముందు నడిచి చూడండి

బయానా ఇచ్చే ముందు ప్రతి కుటుంబం ఒక చిన్న పరీక్ష చేయాలని మా విన్నపం. కారులో కాదు, ఏజెంటు బండి మీద కాదు, ఆ స్థలం దగ్గర దిగి నడవండి. బడి దాకా నడవండి. మస్జిదు దాకా, కిరాణా దాకా, డాక్టరు దాకా, బస్సు ఆగే చోటు దాకా నడవండి. ఒకసారి మధ్యాహ్నం ఎండలో, ఒకసారి ఇషా తర్వాత చీకట్లో. ఒక్కరే కాదు, ఇల్లాలిని, పిల్లలను, నడవగలిగితే తల్లిని వెంట తీసుకుపోండి. వాన పడిన మర్నాడు మళ్లీ వెళ్లండి, నీళ్లు ఎక్కడ నిలిచాయో చూడండి. ఆ తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోండి. సంప్రదించుకుని పనులు చేసుకోవడం విశ్వాసుల లక్షణమని ఖుర్ఆన్ బోధిస్తోంది. ఆ సంప్రదింపులో స్త్రీల మాట, పిల్లల మాట వినబడాలి.

ఊరి బయట స్థలం ఇప్పటికే కొన్నవారు దిగులుపడవలసిన పని లేదు. నలుగురు బంధుమిత్రులు కలిసి ఒక్కచోట ఇళ్లు కట్టుకుంటే అదే ఒక మహల్లా అవుతుంది. మూలమీది ప్లాటులో ఒక కిరాణా, ఒక మక్తబ్, వీధికి నాలుగు దీపాలు తెచ్చుకుంటే సగం దూరం తగ్గినట్లే. లేదా పిల్లల చదువులు పూర్తయ్యేదాకా ఊళ్లో అద్దెకుండి, స్థలాన్ని అలాగే ఉంచుకోవచ్చు.

వీధి మీద మన బాధ్యత

ఊళ్లో ఉంటే చాలదు, ఆ వీధి నడవదగినదిగా ఉండాలి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణిస్తే వారిలో 32,825 మంది పాదచారులు. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు కాలినడకన పోతూ ప్రాణం పోగొట్టుకున్నారు. పాదచారులకు సరైన ఫుట్‌పాత్ ఉండటం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డంకులు లేకుండా ఉండాలని భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణం. మన ఊళ్లలో ఎక్కడుంది ఆ 1.8 మీటర్లు? గోపాల్‌పేట గ్రామ పంచాయతీ అయినా, వనపర్తి మున్సిపాలిటీ అయినా ఓటు అడగడానికి వచ్చినవారిని మన మహల్లా వారు ఈ ప్రశ్న అడగాలి.

అడిగే ముందు మన చేతులూ శుభ్రంగా ఉండాలి. దుకాణం ముందు సామాను ఫుట్‌పాత్ మీద పేర్చేది ఎవరు? ఇంటి మెట్లు మోరీ దాటించి వీధిలోకి దించేది ఎవరు? జుమా నాడు మస్జిదు ముందు బండ్లు అడ్డదిడ్డంగా నిలిపి, దారిన పోయే వృద్ధురాలిని మోరీ అంచున నడిపించేది ఎవరు? దారిలోని అడ్డంకిని తొలగించడం విశ్వాసంలోని శాఖల్లో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. నమాజుకు వచ్చినవాడే దారికి అడ్డంకి అయితే ఆ బోధను మనం ఏం చేసినట్లు? ఈ శుక్రవారమే ప్రతి మస్జిదు కమిటీ ఇద్దరు యువకులను నిలబెట్టి బండ్లు ఒక వరుసలో పెట్టించవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇల్లు ఎంత పెద్దదన్నది చుట్టాలు ఒక్క పూట చూసి పోతారు. ఆ ఇంట్లో బతికేది మన పిల్లలు, మన ఆడవాళ్లు, మన పెద్దలు. వారు తమ కాళ్ల మీద తాము బయటికి వెళ్లి, పదిమందిని పలకరించి, క్షేమంగా తిరిగి రాగలిగిన ఇల్లే విశాలమైన ఇల్లు. అల్లాహ్ మన ఇళ్లలో శుభాన్ని, మన పొరుగులో ప్రేమను నింపుగాక! ఆమీన్.